తొలిచూలు కెమెరా

నల్లగుంట్ల పశుసంవర్ధక శాఖ డివిజన్ ఆఫీసు పుట్టి బుద్ధెరిగాక గేదెల్ని తప్ప మరొకటి కొని ఎరగదు. కుర్చీలు కలెక్టరాఫీసువాళ్ళు వద్దనుకుని పంపినవి. గోడ గడియారం ఎవరో కాంపౌండరు పదవీ విరమణ చేస్తూ ఇచ్చి పోయినది. బీరువా ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. అది ముందునుంచీ అక్కడే ఉందనీ, దాని చుట్టూ ఆఫీసు కట్టారనీ కొందరంటారు.

ఒక్క ఫ్యాను మాత్రం కొన్నారు. పూర్వం ఒక అధికారి ఎండకు తాళలేక బజారుకు వెళ్ళి, నచ్చిన ఫ్యాను కొని, హాలు మధ్యలో బిగించాడు. ఆడిట్ వాళ్ళు వచ్చి, తలెత్తి చూసి, "ఏ మార్గదర్శకాల మేరకు కొన్నారు?" అని అడిగారు. ఆయన రిటైరయ్యేదాకా సమాధానం రాస్తూనే ఉన్నాడు. రిటైరయ్యాక కూడా కొన్నాళ్ళు టిఫిన్ డబ్బా తెచ్చుకుని వచ్చి రాసి వెళ్ళేవాడు. ఫ్యాను ఇంకా వేలాడుతూనే ఉంది. అభ్యంతరంలో ఉన్న ఫ్యాను గనుక ఎవరూ దాన్ని వెయ్యరు. దాని కిందే కూర్చుని అట్టముక్కలతో విసురుకుంటారు.

సరిగ్గా ఆ ఫ్యాను కింద దీవెన సీటు. ఆమె కాంట్రాక్టు మీద ఫొటో అసిస్టెంటు. ఊరూరా తిరిగి గేదెల చెవులకు వేసిన పోగుల నంబర్లు చూసి, ఒక్కోదానికీ ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. మాట తక్కువ. చూపు ఎక్కువ. వేరేవాళ్ళు తీసిన ఫొటోల్లో గేదెలు స్టేషన్లో పట్టుబడ్డ దొంగల్లా ఉండేవి. దీవెన మాత్రం గేదె తనంతట తాను తల తిప్పి చూసేదాకా నిలబడేది. దానికి పూట పట్టినా సరే. అందుకే ఆమె ఫొటోల్లో గేదెలకు ఎవరి ముఖం వాళ్ళకుండేది. ఓబులమ్మ అనే ఆవిడైతే తన బర్రె ఫొటోను పటం కట్టించి దేవుడి గూటి పక్కన పెట్టుకుంది.

దీవెనకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. అది బస్టాండు ఎదుట మస్తాన్ వలి కెమెరాల షాపులో, అద్దాల వెనక, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. తూమువారిపాలెం బస్సు ఆలస్యమైన ప్రతి సాయంత్రం ఆమె ఆ అద్దం ముందు నిలబడేది. కొన్నాళ్ళు చూసి మస్తాన్ వలి ఉండబట్టలేకపోయాడు.

"అమ్మాయ్, బయటినుంచి ఎంతకాలం చూస్తావు? లోపలికొచ్చి పట్టుకో."

"కొనేదాన్ని కాదు బాబాయ్."

"కొనమన్నానా? పట్టుకోమన్నా."

ఆ రోజునుంచీ బస్సు ఆలస్యమైతే దీవెనకు పండగే. షాపులో చూపించడానికి పెట్టిన చిన్న ఎస్సెల్లార్ కెమెరాను చేతిలోకి తీసుకుని, ఎదురుగా ఉన్న అరటిపళ్ళ బండినీ, కండక్టరునీ, నిద్రపోతున్న కుక్కనీ తీసేది. మస్తాన్ వలి పెద్ద కెమెరాలు కూడా చూపించాడు గానీ ఆమె మనసు మళ్ళలేదు.

"మంచి పని చేశావు," అన్నాడాయన. "మొదటిసారి కొనేవాళ్ళంతా పెద్దదాని వెంట పడతారు. ఇంటికి తీసకపోయి, బరువని బీరువాలో పెడతారు. నీ చెయ్యి చిన్నది, దీని పట్టు చిన్నది. పైగా లెన్సుతో సహా వచ్చిద్ది."

"నేను కొనటంలేదుగా బాబాయ్."

"మాటవరసకి చెప్తన్నాలే."

ఇట్లా ఉండగా రాజధానినుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అక్కడ పెద్దాయన ఎవరో విదేశాలు తిరిగి వచ్చి, అక్కడి పశువుల ఫొటోల్లో వెనకున్న పేడకుప్పలు మసకగా కనపడటం చూసి ముచ్చటపడ్డాడట. సర్క్యులర్‌లో ఇలా ఉంది:

"ఫోన్లతో తీసిన పశు ఛాయాచిత్రములు శాఖ గౌరవమునకు తగినట్లు లేనందున, ప్రతి డివిజన్ కార్యాలయము ప్రస్తుతము అమలులోనున్న కొనుగోలు మార్గదర్శకములను తు.చ. తప్పక పాటించుచు ఒక డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరాను సమకూర్చుకొనవలెను. సదరు కెమెరాతో తీసిన చిత్రమును ఉగాది కాలెండరు నిమిత్తము పంపవలెను. చిత్రము పంపిన డివిజన్లలో ఫొటో అసిస్టెంటు పోస్టు కొనసాగును. పంపని డివిజన్లలో కాంట్రాక్టు సిబ్బంది సేవలు నెలాఖరుతో ముగియును."

దీవెన మొదటిసారి చదివినప్పుడు 'కెమెరా' అనే మాట దగ్గరే ఆగిపోయింది. రెండోసారి చివరిదాకా చదివింది. కెమెరా నెలాఖరులోపు రావాలి, ఫొటో వెళ్ళాలి. లేకపోతే తను ఇంటికి వెళ్ళాలి.

డివిజన్ అధికారి డాక్టర్ పురుషోత్తం గారు సర్క్యులర్ మడిచి బల్లమీద పెట్టి, "హజరత్తయ్యా, మన దగ్గర అమలులో ఉన్న కొనుగోలు మార్గదర్శకాలు ఏమిటయ్యా?" అని అడిగారు.

సూపరింటెండెంట్ హజరత్తయ్య ముందు తలెత్తి ఫ్యాను వంక చూశాడు. తర్వాత సొరుగు లాగి ఒక పుస్తకం తీశాడు.

"ఒకటే ఉంది సార్. పాడిపశువుల కొనుగోలు మార్గదర్శకాలు."

"కెమెరా పాడిపశువు ఎట్లా అవుతుంది?"

"కాదని ఇందులో యాడా రాసిలేదు సార్." పేజీ తిప్పాడు. "ఇదుగో, మొదటి క్లాజు. 'పశువు అనగా ఈ మార్గదర్శకముల ప్రకారము కొనుగోలు చేయబడునది.' దీని ప్రకారం మనం కొంటే, అది పశువే అవుద్ది సార్."

పురుషోత్తం గారు క్లాజును రెండుసార్లు చదివారు. ఎక్కడా సందు దొరకలేదు. ఆయన కూడా ఫ్యాను వంక చూశారు. పైనుంచి ఒక బూజు పోగు మెల్లగా దిగి దీవెన కీబోర్డు మీద వాలింది.

"తు.చ. తప్పక," అన్నారాయన.

కొనుగోలు కమిటీ మర్నాడే కూర్చుంది. మార్గదర్శకాల ప్రకారం అందులో బీమా ఏజెంటు బాలసుందరం కూడా సభ్యుడే. దీవెన నోట్సు రాసుకుంటోంది. పశువు సంతలో, అదీ పక్క జిల్లా సంతలో కొనాలి. తొలిచూలు లేదా రెండో చూలుది అయి ఉండాలి. దూడ వెంట ఉండాలి. మూడు పూటలు పాలు పితికి చూడాలి. తన్నే గుణం ఉండకూడదు. ఆడమనిషి చేతికి పాలివ్వాలి.

"పాలంటే?" అన్నాడు బాలసుందరం.

"ఫొటోలు," అన్నారు పురుషోత్తం గారు. ఒకసారి ఒప్పుకున్నాక ఆయన వెనక్కి చూసే మనిషి కాదు.

"దూడంటే?"

దీవెన ఆ మీటింగులో నోరు విప్పింది అప్పుడొక్కసారే. "లెన్సు సార్. అది అంటుకుని ఉంటేనే కెమెరా ఇచ్చిద్ది."

అందరూ ఆమె వంక గౌరవంగా చూశారు.

శనివారం ఏరువపాలెం సంత మహా సందడిగా ఉంది. గేదెల వరస చివర మూడు గుంజలు పాతారు. అటూ ఇటూ గుంజలకు కెమెరాలు మెడపట్టీలతో, మధ్యదానికి ఒక అట్టపెట్టె తాడుతో కట్టేసి ఉన్నాయి. అమ్మకానికి వచ్చిన పశువులకు మేత, నీరు చూపించాలని నిబంధన గనుక ఒక్కోదాని ముందూ ఒక బకెట్టు కుడితి పెట్టారు. పట్నంనుంచి వచ్చిన ఇద్దరు డీలర్లు ఎండలో చెమటలు కక్కుతూ తమ సరుకు కుడితిలో పడకుండా కాపు కాస్తున్నారు. మూడోవాడు మస్తాన్ వలి. ఆయన దీవెనను చూసి, 'ఏందమ్మా ఇది' అన్నట్టు చేతులు తిప్పాడు. దీవెన తల దించుకుంది.

సంతలో దళారి లేకుండా బేరం సాగదు. గురవయ్య అనే దళారి భుజాన తువ్వాలుతో వచ్చి, మొదటి కెమెరా చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. అది ఇటుకంత ఉంది.

"ఫుల్ ఫ్రేం సార్. ప్రొఫెషనల్ మోడల్," అన్నాడు డీలరు.

"నిండైన విగ్రహం," అని పురుషోత్తం గారు మెచ్చుకున్నారు.

గురవయ్య దాని నెత్తిమీద గుండ్రంగా తిరిగే మరను వేలితో నిమిరాడు. "సుడి చూశారా దొరా? నడినెత్తిన పడింది. యజమానికి కలిసొచ్చే సుడి." తర్వాత ముందున్న మూత పీకి లోపలికి తొంగి చూశాడు. లోపల అంచున బంగారు రంగు మొనలు వరసగా ఉన్నాయి. "పళ్ళు కూడా గట్టియే. అరగలా."

"దూడ ఏది?" అన్నారు పురుషోత్తం గారు.

"బాడీ ఒక్కటే సార్. లెన్సు మీకు కావలసింది విడిగా కొనుక్కోవచ్చు."

సంతలో ఆ మూల మాటలు ఆగిపోయాయి. పక్క గుంజ దగ్గర గేదె అమ్ముకుంటున్న ముసలాయన కూడా తిరిగి చూశాడు.

"దూడ లేకుండా తోలుకొచ్చావా?" అన్నాడు గురవయ్య. "చచ్చిందా, అమ్ముకున్నావా?"

డీలరు ఏదో చెప్పబోయాడు. హజరత్తయ్య అప్పటికే 'తిరస్కరించడమైనది' అని రాసేశాడు.

రెండో డీలరు ఈ తప్పు చెయ్యలేదు. అట్టపెట్టె పైకెత్తి చూపించాడు. "లెన్సు లోపలే ఉంది సార్. సీలు కూడా తియ్యలా. ఒక్కసారి కూడా నొక్కని పీసు."

పురుషోత్తం గారు కళ్ళు మూసుకున్నారు. "అంటే పడ్డ."

"పడ్డ కాదు సార్, బ్రాండ్ న్యూ."

"ఒక్క ఈతైనా ఈననిదాన్ని పడ్డ అనే అంటారు. రేపు ఇది గొడ్డుదని తేలితే నువ్వు జవాబు చెబుతావా, నేను చెప్పాలా?"

"సార్, కెమెరా కొత్తదైతే మంచిదే కదా సార్!"

"ఇంకో మాట," అన్నాడు బాలసుందరం. "ఈననిది వెంట దూడను ఎట్లా పెట్టుకుంది? ఎవరి దూడ అది?"

డీలరు పెట్టె చంకన పెట్టుకుని, సంత దాటేదాకా వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

మూడో గుంజకు కట్టేసి ఉన్నదాన్ని దీవెన వంగి చూసింది. షాపులోని తన కెమెరా. ఎండలో, కుడితి బకెట్టు ముందు, చిన్నగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇది అమ్మటానికి కాదు సార్," అన్నాడు మస్తాన్ వలి. "పోలికకి మూడోది ఉండాలన్నారని తెచ్చా. షాపులో చూపించే పీసు. వచ్చినోళ్ళందరూ నొక్కుతుంటారు."

పురుషోత్తం గారి ముఖం విప్పారింది. "నొక్కారా? పాలిచ్చిందా?"

"ఇవ్వకేం సార్. అదుగో, మీ అమ్మాయినే అడగండి. బస్సు ఆలస్యమైనప్పుడల్లా ఆమేగా పితికేది." మస్తాన్ వలికి కూడా సంత గాలి సోకినట్టుంది.

కమిటీ మొత్తం దీవెన వైపు తిరిగింది. ఆఫీసు వేళ దాటాక షాపులో కెమెరా ఆడించడం నేరమో కాదో ఆమెకు తెలియదు. "ఐదారు వందలుంటయ్ సార్," అంది గొంతు తగ్గించి.

"అన్ని ఈతలా!"

"ఈతలు కాదు సార్, పాలు," అన్నాడు హజరత్తయ్య సర్దిచెబుతూ. "అంతా ఒక ఈత పాలే."

"అయితే తొలిచూలు," అన్నారు పురుషోత్తం గారు. ఆ మాట ఆయన నోట గుడిగంటలా మోగింది. "దూడ?"

"కాళ్ళ దగ్గరే ఉంది సార్. ఇంకా పాలు మరవలా," అన్నాడు మస్తాన్ వలి, ముందు అతుక్కుని ఉన్న లెన్సు చూపించి.

ఇక మిగిలింది పితికి చూడటం. పదవిలో పెద్ద గనుక ముందు పురుషోత్తం గారు కూర్చున్నారు. కెమెరాను కంటికి ఆనించి నొక్కారు. లోపలి అద్దం టప్పున లేచి పడింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి వాలారు.

"తన్నింది!"

"తన్నటం కాదు సార్," అన్నాడు మస్తాన్ వలి. "ఈ జాతి మొత్తానికీ లోపల అద్దం ఉంటది. నొక్కగానే అది పక్కకి లేచి దారిస్తది. అందుకే దీన్ని ఎస్సెల్లార్ అనేది."

"జాతి లక్షణం," అని హజరత్తయ్య రాసుకున్నాడు.

వెనక తెరమీద ఏమొచ్చిందా అని అందరూ వంగారు. కటిక నలుపు. లెన్సు మూత తియ్యలేదని దీవెనకు తెలుసు. పెద్దవాళ్ళ ముందు ఎట్లా చెప్పాలో తెలియక చేతులు నలుపుకుంటోంది.

"సార్‌కి పాలు చేపలా," అని తీర్పు చెప్పాడు గురవయ్య. "కొత్త చెయ్యి గదా దొరా. అలవాటైన చెయ్యి పడితేగానీ చేపదు. ఆ పాపను పట్టమనండి."

నిబంధన కూడా అదే చెబుతోంది. దీవెన వచ్చి, గుంజ పక్కన గొంతుక్కూర్చుని, ఎవరూ చూడకుండా మూత తీసి జేబులో వేసుకుంది. కంటికి ఆనించింది. పక్క గుంజ గేదె నెమరు వేస్తూ తల తిప్పేదాకా ఆగింది. సరిగ్గా గురవయ్య కూడా ఆకు నములుతూ తల తిప్పాడు. టప్.

తెరమీద రెండు ముఖాలు పక్కపక్కన, ఒకే ధ్యానంలో ఉన్నాయి. వెనక సంతంతా మసకగా కరిగిపోయింది. గురవయ్య చాలాసేపు చూసుకుని, "అది నేనేనా?" అన్నాడు.

శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం, సాయంత్రం. మూడు పూటలూ పితికారు. మొదటి పూటకు ముందు పొదుగు ఖాళీ చెయ్యాలన్నారని మెమరీ కార్డు తుడిచేశారు. ఒకే ఫొటో రెండు రకాలుగా పడుతుందనీ, ఒకటి పచ్చిదనీ, రెండోది తయారై వచ్చేదనీ మస్తాన్ వలి చెప్పగానే పురుషోత్తం గారు అందుకున్నారు: "అర్థమైంది. ఒకటి పితికిన పాలు. రెండోది కాచి, మీగడ తీసినవి. మాకు పచ్చివే ఇప్పించు. వెన్న శాతం చూడాలి." పచ్చి ఫొటో కార్డులో మూడు నాలుగింతల చోటు తింటుందని తెలిశాక, "చిక్కదనమంటే ఇదీ," అని ఆయన సంతోషంతో బాలసుందరం వీపు చరిచారు.

బేరం సంత పద్ధతిలోనే జరిగింది. ధర పైకి అనకూడదు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టి చెప్పుకోవాలి. గురవయ్య తువ్వాలు కప్పి మస్తాన్ వలి వేళ్ళు పట్టుకున్నాడు. మస్తాన్ వలికి చక్కిలిగింతలెక్కువ. కిసుక్కున నవ్వి చెయ్యి గుంజుకున్నాడు.

"ఒప్పుకున్నాడు!" అని గురవయ్య కేక పెట్టాడు.

"నేనేం ఒప్పుకోలేదయ్యా, నాకు చక్కిలిగింత..."

"నవ్వుతా చెయ్యి తీసినాక ఇంక మాట లేదు సాయిబూ. సంత ధర్మం."

మస్తాన్ వలి దీవెన వంక చూశాడు. ఆమె ముఖంలో ఏం కనపడిందోగానీ, కళ్ళు తుడుచుకుని, "పోనీలే, తెలిసిన చేతికే పోతంది," అన్నాడు.

అక్కడితో బాలసుందరం రంగంలోకి దిగాడు. బీమా చెయ్యాలంటే చెవికి పోగు ఉండాలి. పశువు చనిపోతే పోగుతో సహా చెవి కోసి తెచ్చి చూపిస్తేనే పరిహారం. "చెవి లేని పశువుకు మా కంపెనీ బీమా చెయ్యదండీ. మాకూ పైన సమాధానం చెప్పుకునేవాళ్ళున్నారు." వెతగ్గా వెతగ్గా మెడపట్టీ తగిలించే చోట, ఇటొకటి అటొకటి, చిన్న కొక్కేలు కనపడ్డాయి. ఎడమ కొక్కెం ఎడమ చెవిగా తీర్మానించి, పక్కనే పట్టీకి పసుపు రంగు పోగు కొట్టారు. పోగు వేస్తున్నప్పుడు పశువు కదలకుండా హజరత్తయ్య రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణం లారీలో. గడ్డి పరిచి, ముఖం ఇంజను వైపుంచి, నిలబెట్టే తీసుకురావాలని నిబంధన. మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరాను నిలబెట్టారు. దీవెన గడ్డిలో కూర్చుని, కుదుపులకు పడిపోకుండా పట్టీ పట్టుకుంది. పసుపు పోగు గాలికి ఊగుతోంది. ఇంకెవరూ చూడటంలేదు గనుక ఆమె దాని నెత్తిన ఒకసారి చెయ్యి వేసి నిమిరింది.

ఉగాది దగ్గరపడుతోంది. ఫొటో తీసి పంపడమొక్కటే మిగిలిందని దీవెన అనుకుంది. మర్నాడు ఆఫీసుకు వస్తే కెమెరా లేదు.

"క్వారంటైనమ్మా," అన్నాడు హజరత్తయ్య. "కొత్త పశువు. పక్షం రోజులు విడిగా ఉంచాలి."

ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో కెమెరాను కట్టేశారు. అటెండరు రోజూ పొద్దున తవుడు పెట్టి, సాయంత్రానికి అట్లాగే తీసుకువెళ్ళి తన బర్రెకు పెట్టుకునేవాడు. బ్యాటరీకి చార్జింగు పెట్టడానికి మాత్రం దీవెనను లోపలికి రానిచ్చారు. రిజిస్టరులో అది 'దాణా' కింద నమోదైంది. గాలికుంటు టీకా రోజున పురుషోత్తం గారే స్వయంగా సిరంజి పట్టుకుని వచ్చారు. కెమెరా చుట్టూ ఒకసారి తిరిగారు. ఇన్నేళ్ళ వృత్తిలో సూది ఎక్కడ గుచ్చాలో తెలియకపోవడం ఆయనకు ఇదే మొదలు. చివరికి సూది చూపించి, వెనక్కి తీసుకున్నారు. "వేసినట్టే," అన్నారు.

దీవెన ధైర్యం కూడదీసుకుంది. "సార్, నెలాఖరు వస్తంది. ఒక్క ఫొటో తీసి మళ్ళీ కట్టేస్తాను సార్."

"అమ్మా, జబ్బు మందకంతా అంటుకుంటే?"

"మంద లేదుగా సార్. ఇదొక్కటేగా."

"ఏ జబ్బైనా ఒక్కదానితోనే మొదలవుతుంది," అన్నారాయన బాధగానే. ఆయనా దయలేని మనిషి కాదు. కాకపోతే పైన ఫ్యాను ఉంది.

నెలాఖరు వచ్చింది. ఫొటో వెళ్ళలేదు. దీవెన సేవలు ముగిసినట్లు ఉత్తర్వు వెలువడింది. ఆ ఆఫీసులో టైపు చెయ్యడం వచ్చింది ఆమెకొక్కతికే గనుక, దాన్నీ ఆమే టైపు చేసింది. తప్పుల్లేకుండా చేసింది. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, షెడ్డు పక్కనుంచి వెళుతూ కిటికీలోంచి చూసింది. కెమెరా గుంజకు కట్టేసి ఉంది. లెన్సు ఆమె వైపే తిరిగి ఉంది. ఆ సాయంత్రం బస్సు సమయానికి వచ్చేసింది.

తూమువారిపాలెంలో దీవెన తల్లి కరుణమ్మ బర్రెను కడుగుతూ ఉద్యోగం పోయిన కబురు విని, "పోతే పోనీలే బిడ్డా, మనకు ఇదుందిగా," అని బర్రె వీపు తట్టింది. దీవెన నవ్వింది గానీ అన్నం సరిగా తినలేదు.

నాలుగు రోజుల తర్వాత హజరత్తయ్య మోటారు సైకిలు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి, దిగకుండానే అరిచాడు.

"దీవెనమ్మా! నీకు ఉద్యోగం లేదు కదా?"

"మీరేగా సార్ ఉత్తర్వు ఇచ్చింది."

"అయితే బతికాం!" దిగి మంచినీళ్ళు తాగి, పుస్తకం తీశాడు. "క్వారంటైను అయిపోయింది. తీరా చివరి పేజీ చూస్తే, కొన్న పశువును ఆఫీసులో ఉంచుకోగూడదంట. లబ్ధిదారుకు ఇచ్చెయ్యాలంట. లబ్ధిదారు ఆడమనిషై ఉండాలి. మన డివిజన్ పల్లెలో ఉండాలి. కొట్టం ఉండాలి. ఆ జాతి పశువును పితికిన అనుభవం ఉండాలి. ప్రభుత్వంలో పని చెయ్యగూడదు. మండలమంతా గాలించాం తల్లీ. పితకటం వచ్చినోళ్ళు ఒక్కరు లేరు."

దీవెనకు ముందు అర్థంకాలేదు. అర్థమయ్యాక కూర్చుండిపోయింది.

"మొన్నటిదాకా ఉద్యోగివి, పనికిరావు," అన్నాడు హజరత్తయ్య వెలిగిపోతూ. "ఇప్పుడు నిరుద్యోగివి. నిఖార్సైన అర్హురాలివి!"

పంపిణీ సభ కరుణమ్మ కొట్టం ముందే జరిగింది. ఊరంతా వచ్చింది. కెమెరాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. కరుణమ్మ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. పురుషోత్తం గారి మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన మాట్లాడుతూ, శాఖ చరిత్రలో ఇది సువర్ణాధ్యాయమనీ, లబ్ధిదారు పశువును కన్నబిడ్డలా చూసుకోవాలనీ, అమ్ముకోరాదనీ చెప్పారు. తర్వాత మెడపట్టీని పలుపుతాడు అందించినట్టు రెండు చేతులా దీవెనకు అందించారు. వెంట ఒక బస్తా దాణా కూడా ఇచ్చారు.

పట్టీ చేతికి రాగానే దీవెన వెనక్కి నాలుగడుగులు వేసి, మూత తీసి, కంటికి ఆనించింది. అధికారులు బిగుసుకుపోయి నిలబడ్డారు. ఆమె నొక్కలేదు. చూస్తూ ఉంది. పురుషోత్తం గారు ఊపిరి బిగబట్టి ఎరుపెక్కుతున్నారు. వెనక కొట్టంలోంచి కరుణమ్మ బర్రె మెల్లగా మెడ చాచి, ఆయన భుజం మీదుగా తల పెట్టి, మెడలో బంతిపూల దండను కొసనుంచి నమలడం మొదలుపెట్టింది.

టప్.

ఆ ఫొటోను ఆమె రాజధానికి పంపింది, లబ్ధిదారు హోదాలో. అక్కడ అప్పటికి కాలెండరు పని ఆగిపోయి ఉంది. మార్గదర్శకాలు అన్ని డివిజన్లకూ ఒకటే గదా! ఒక డివిజన్ కెమెరా ఇంకా క్వారంటైనులో ఉంది. ఒకచోట పడ్డను కొన్నారని విచారణ నడుస్తోంది. ఇంకొకచోట దూడకు, తల్లికి కుదరక రెండూ విడివిడిగా ఉన్నాయి. వచ్చింది ఒక్క ఫొటోనే. దాంతో ఉగాది కాలెండరు పన్నెండు నెలలకూ అదే ఫొటో వేశారు. చైత్రంనుంచి ఫాల్గుణందాకా పురుషోత్తం గారు గంభీరంగా చూస్తూనే ఉన్నారు. బర్రె దండ తింటూనే ఉంది. వెనక పేడకుప్ప మాత్రం పెద్దాయన కోరినట్టే మసకగా ఉంది.

ఫొటో వచ్చింది గనుక నల్లగుంట్లకు ఫొటో అసిస్టెంటు పోస్టు మళ్ళీ మంజూరైంది. పురుషోత్తం గారు దీవెనను పిలిపించి శుభవార్త చెప్పారు. వెంటనే గొంతు సవరించుకున్నారు.

"కానీ అమ్మా, ఉద్యోగంలో చేరితే నీ అర్హత పోతుంది. పశువును వెనక్కి తీసుకోవాలి."

"తీసుకుని ఏం చేస్తారు సార్?"

"ఇంకో లబ్ధిదారుకు ఇస్తాం."

"మరి నేను దేంతో తియ్యాలి సార్?"

ఆయన ఆలోచించారు. హజరత్తయ్య ఆలోచించాడు. అందరూ అలవాటు కొద్దీ తలెత్తి చూశారు. దీవెన కూడా చూసింది. తర్వాత లేచి నమస్కారం పెట్టింది.

"వద్దులే సార్. దాన్ని మేపుకుంటా."

ఏడాది తిరిగింది. దీవెన చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు, పేర్లు పెట్టే పండగలకు, ప్రార్థన కూటాలకు ఫొటోలు తీస్తోంది. గేదెల్ని అమ్ముకునేవాళ్ళు ముందుగా ఆమె దగ్గరకే తోలుకొస్తున్నారు. ఫోన్లో ఆమె తీసిన ఫొటో చూపిస్తే సంతదాకా నడిపించే పని ఉండటంలేదట. గురవయ్యకు ఇది కొంచెం కష్టంగానే ఉంది. అయినా తన ఫొటో ఒకటి పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది తనిఖీ బృందం. రాజధాని అధికారి ఒకాయన, వెంట పురుషోత్తం గారు, హజరత్తయ్య, పోగు నంబరు సరిచూడటానికి బాలసుందరం. పోగు సరిగ్గానే ఉంది. రాజధాని అధికారి కాగితం చూసి ప్రశ్న వేశాడు.

"ఏడాదిలో ఈనిందా?"

పురుషోత్తం గారు నుదురు తుడుచుకున్నారు. దీవెన లోపలికి వెళ్ళి, కొత్తగా కొనుక్కున్న పొడుగాటి లెన్సును కొంగుతో తుడిచి తెచ్చి, అరుగుమీద పెట్టింది.

అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కోడెదూడా, పెయ్యదూడా?"

"పెయ్య సార్," అంది దీవెన తొణక్కుండా.

హజరత్తయ్య కళ్ళు చెమర్చాయి. పథకం విజయవంతమైనట్లు రాసుకున్నారు. ఇక మిగిలింది ఒకటే కాలమ్. "పాలు ఎట్లా ఇస్తోంది?" అని అడిగాడు అధికారి.

దీవెన పట్టీ మెడలో వేసుకుని, మూత తీసి, కొట్టం వైపు చెయ్యి చూపింది.

"మీరందరూ పోయి ఆ బర్రె పక్కన నిలబడండి సార్. పితికి చూపిస్తా."